చేతులు మారిన ఉప్పునీళ్ళు

1967 జూన్‌లో, నెల్లిమర్లకు కొద్ది దూరంలో ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు అసిస్టెంటుగా చేరాను. అసిస్టెంటు అంటే ఎవరికో సహాయకురాలిననుకునేరు. పై తరగతులకు పాఠం చెప్పే బి.ఎడ్. టీచరుకు ఆ రోజుల్లో ఆర్డరు కాగితం మీద ఉండే పేరు అదే. మా నాన్నగారు మాత్రం నేను ఎప్పటికైనా ప్రమోషను మీద అసలు టీచరునవుతానని చాలాకాలం ఎదురుచూశారు. ఆయనకు విడమరిచి చెప్పి చెప్పి విసుగొచ్చి ఊరుకున్నాను.

అప్పటికి విజయనగరం జిల్లా ఇంకా పుట్టలేదు. మా బడి విశాఖపట్నం జిల్లా లెక్కలో ఉండేది. నేను విజయనగరంలో మా ఇంట్లోనే ఉండి రోజూ బస్సులో వెళ్ళివచ్చేదాన్ని. జూటుమిల్లు షిఫ్టు మారే వేళకు బస్సులో నిలబడడానికి చోటుండేది కాదు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, టీచింగ్ నోట్సు ఒక చేత్తో పట్టుకుని ఎలా నిలదొక్కుకునేదాన్నో ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. టీచింగ్ నోట్సు అంటే ఆ వారం ఏ తరగతిలో ఏ పాఠం, ఏ సామగ్రితో, ఏ ప్రశ్నలతో చెప్పబోతున్నామో రాసి సోమవారం పొద్దున్నే హెడ్మాస్టరు చేత సంతకం పెట్టించుకునే పుస్తకం. సంతకం లేనిదే తరగతిలో అడుగుపెట్టకూడదు.

మా ప్రయోగశాల ఒక చెక్క బీరువా. అందులో బీకర్లు, పరీక్షనాళికలు, ఒక పింగాణి గిన్నె, ఒక గుర్రపునాడా అయస్కాంతం, ఒక భూతద్దం, ఒక స్పిరిట్ దీపం. దీపంలోకి స్పిరిట్ కావాలంటే ఇండెంటు రాసి పంపాలి. అది పైకి వెళ్ళి మంజూరై తిరిగి వచ్చేసరికి పిల్లలు ఆ పాఠం మరిచిపోయేవారు. ఇది ఎవరి తప్పూ కాదు, అప్పటి పద్ధతే అంత. నాకేమో కోపం ముక్కు మీదే ఉండేది. బీరువా తలుపు కాస్త గట్టిగా వేసినప్పుడల్లా హెడ్మాస్టరు నరసింగరావుగారు తన గదిలోంచి "స్పిరిట్ వచ్చేస్తుందమ్మా" అనేవారు. నెమ్మది మనిషి. ఆడపిల్లలు బడికి రావాలని మా అందరికంటే ఎక్కువ ఆరాటపడేవారు.

ఎనిమిదో తరగతిలో ఆడపిల్లలు ఇద్దరే. పైడితల్లి, సన్యాసమ్మ. బడికి ఎగువన పొలాల అవతల ఉన్న ఒక చిన్న పల్లె వాళ్ళది. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు, రెండూ వ్యవసాయ కుటుంబాలే. పైడితల్లి తండ్రి అప్పలనాయుడు, సన్యాసమ్మ తండ్రి సత్యంనాయుడు. వరసకు బావలు, ఒకరి ఇంట్లో కూర ఇంకొకరి ఇంట్లోకి వెళ్ళే చనువు. పిల్లలిద్దరూ కలిసి గట్ల వెంట నడిచి వచ్చేవారు. ఇద్దరూ కలిసి వెళ్ళేటట్టయితేనే చదువు అన్నది ఆ రెండిళ్ళవాళ్ళు పెట్టుకున్న కట్టు. ఒక్క పిల్లను ఒంటరిగా అంత దూరం పంపరు. అందుకే ఒకరికి జ్వరమొస్తే ఇద్దరికీ అటెండెన్సు పోయేది.

కార్తీకమాసంలో 'పదార్థం - ధర్మాలు, వర్గీకరణ' అనే పాఠానికి వచ్చాం. స్థలాన్ని ఆక్రమించేదీ, బరువు కలదీ పదార్థం అని పిల్లలు పద్యంలా అప్పజెప్పేవారు. అలా అప్పజెబుతుంటే నాకు ఒళ్ళు మండేది. రేపు మీ ఇళ్ళనుంచి తలొక పదార్థం తెండి, మనమే ఘనమో ద్రవమో వాయువో తేలుద్దాం అన్నాను. మర్నాడు బల్ల నిండిపోయింది. బెల్లం, ఆముదం, గోగునార, బూడిద, మజ్జిగ, మేకు. ఒకడు మూత బిగించిన ఖాళీ సీసా తెచ్చి, అందులో వాయువు ఉందని ఎంతో గర్వంగా పెట్టాడు. వాడికి ఆరోజు నేనిచ్చిన శభాష్ ఇంకా గుర్తుంది.

పైడితల్లి కాగితంలో పొట్లం కట్టి ఉప్పు తెచ్చింది. ఉప్పు ఘనం అని నేను అనేలోపే సన్యాసమ్మ లేచింది.

"గిన్నెలో పోస్తే గిన్నెలాగుంటాది, సీసాలో పోస్తే సీసాలాగుంటాది. మరి ద్రవమే కాదేటండీ?"

తరగతి అంతా నవ్వింది. నేను నవ్వలేదు. పుస్తకంలో ద్రవానికి ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఆ పిల్ల మాట సరిగ్గానే ఉంది. పోగును చూడకు, ఒక్క పలుకును చూడు అని చెప్పి భూతద్దం చేతికిచ్చాను. ఒక్కొక్క పలుకూ తన మూలలు తాను పట్టుకుని కూర్చుందని చూసుకుని, అప్పుడు ఒప్పుకుంది.

ఆ పొట్లాన్ని బెంచీల మీదుగా పంపమన్నప్పుడు ఒక సంగతి జరిగింది. పైడితల్లి దాన్ని సన్యాసమ్మ చేతికి ఇవ్వలేదు. బెంచీ మీద పెట్టింది. సన్యాసమ్మ బెంచీ మీదనుంచి తీసుకుంది. తరవాత మగపిల్లలూ అంతే. చేతిలోంచి చేతిలోకి ఉప్పు ఇస్తే ఇచ్చినవాళ్ళకూ పుచ్చుకున్నవాళ్ళకూ తగవు వస్తుందని మా వైపు అందరి ఇళ్ళలోనూ ఉన్న మాటే. మా అమ్మా ఉప్పు కింద పెట్టే ఇచ్చేది. పాఠం సాగిపోయింది.

ఆ మర్నాడు మిశ్రమాలు. ఇనుప రజను, గంధకం పొడి కలిపి అయస్కాంతం పెడితే ఇనుము విడిగా లేచి వస్తుంది. అది మిశ్రమం. అదే కలిపినదాన్ని పరీక్షనాళికలో ఎర్రబడేదాకా వేడి చేస్తే నల్లని ముద్ద మిగులుతుంది, అయస్కాంతానికి ఇక అంటదు. అది సంయోగ పదార్థం. మిశ్రమంలో దేని గుణం దానికి ఉంటుంది, సంయోగ పదార్థంలో ఉండదు. ఈ ఒక్క తేడా పట్టుబడితే ఆ పాఠంలో సగం వచ్చినట్టే. ఉన్న స్పిరిట్ కాస్తా ఆ ముద్ద కోసం అయిపోయింది.

తరవాత బీకరులో నీళ్ళు పోసి, పైడితల్లి తెచ్చిన ఉప్పే వేసి కలిపాను. ఉప్పు ఏదీ అని అడిగాను. పోనాదండి అన్నారు కొందరు. కరిగిపోనాదండి అన్నారు కొందరు. బీకరు అందరి దగ్గరికీ పంపి, గాజుకడ్డీతో అరచేతిలో ఒక్కొక్క చుక్క వేసుకుని నాలిక్కి రాసుకోమన్నాను. మొదట పైడితల్లే చూసింది.

"కనిపించట్లేదు గానండీ, ఉన్నాదండి. ఉప్పు ఉప్పుగానే ఉన్నాది" అంది.

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. పుస్తకం ఒక పేజీలో చెప్పిన సంగతిని ఆ పిల్ల తన నాలికతో చెప్పింది. శభాష్ అన్నాను. పైడితల్లి ఆ సంబరంలోనే బీకరును సన్యాసమ్మ చేతుల్లో పెట్టింది. సన్యాసమ్మ పక్కవాడి చేతిలో పెట్టింది. అలా అది తరగతి అంతా చేతులు మారింది. నిన్న పొట్లాన్ని బెంచీ మీద పెట్టినవాళ్ళలో ఒక్కరికీ, నాకూ, ఆ మాట తట్టలేదు. నీళ్ళను బాష్పీభవనంతో పోగొట్టి ఉప్పును తిరిగి రాబట్టే ప్రయోగం మిగిలింది. స్పిరిట్ లేదు కనక బీకరులో ద్రావణాన్ని ఒక సీసాలోకి వంచి, చీటీ అంటించి, బీరువాలో దాచాను.

తరవాతి వారం ఇద్దరు పిల్లలూ రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. ఆ వారం గడిచినా రాకపోయేసరికి ఆ పల్లెనుంచి వచ్చి మా బడి దగ్గరి హోటలుకు పాలు పోసే మనిషిని అడిగితే సంగతి తెలిసింది.

ఆ ప్రాంతంలో జూటుమిల్లు కోసం గోగు వేస్తారు. కోసిన గోగును కట్టలు కట్టి బందలో, అంటే ఊరి పొలాల మధ్య ఉండే చిన్న చెరువులో, నానేస్తారు. బెరడు కుళ్ళి నార వదులయ్యే అదను చూసి తీయాలి. తొందరపడితే నార ఊడదు, ఆలస్యమైతే నార మెత్తబడి పీలికలవుతుంది. అప్పలనాయుడు, సత్యంనాయుడు ఏటా తమ కట్టలు ఒకే చోట నానేసేవారు. ఆ ఏడాది నువ్వు చూస్తావని నేను, నేను చూస్తానని నువ్వు అన్నట్టుగా ఇద్దరూ ఊరుకున్నారు. నార పాడైపోయింది. తప్పు నీదంటే నీదని బంద గట్టు మీదే కేకలు వేసుకున్నారు. ఆ సాయంత్రం అప్పలనాయుడు ఇంటికి వచ్చి, ఆల గుంటతో మన గుంట నడవకూడదు అన్నాడట. గుంట అంటే మా వైపు పిల్ల. కలిసి నడవకపోతే బడి లేదు. ఒక ఇంట్లో అన్న మాటకు రెండిళ్ళ పిల్లల చదువూ ఆగిపోయింది.

పాలు పోసే మనిషి ఇంకో మాట కూడా చెప్పాడు. అప్పలనాయుడి తల్లి, అప్పలనరసమ్మ అనే పెద్దావిడ, మనవరాలిని కూర్చోబెట్టి బళ్ళో ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పించుకుందట. ఉప్పు బెంచీ మీద పెట్టాం మామ్మా అని పిల్ల చెప్పిందట. మరి నీళ్ళో అని ఆవిడ అడిగిందట. చేతికే ఇచ్చాం, అయినా అవి ఒట్టి నీళ్ళే మామ్మా అందట పిల్ల. బళ్ళో పంతులమ్మ ఉప్పు చేతులు మార్పించింది, అందుకే ఈ తగవు వచ్చింది, ఆ పంతులమ్మ ఒకసారి మా ఇంటికి రావాలి అని కబురు పంపింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గోగు కట్టలు వాళ్ళు పాడు చేసుకుని, మధ్యలో నా బీకరు ఏం చేసిందని హెడ్మాస్టరుగారి గదిలోకి వెళ్ళి గట్టిగానే అన్నాను. ఆయన చివరిదాకా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, వెళ్ళిరండమ్మా అన్నారు. అవి ఒట్టి నీళ్ళమ్మా, ఉప్పు కాదు అని ఒక్క మాట చెప్తే ఆ పెద్దావిడ సమాధానపడుతుంది, మన పిల్లలిద్దరూ మనకొస్తారు, ఆ మాటకు పాపమేమీ అంటదు అన్నారు. ఆయన చెప్పిందీ పిల్లల కోసమే. నేను కాదనలేకపోయాను.

బడి వదిలాక స్కూలు ఆయాను తోడు తీసుకుని ఆ పల్లెకు వెళ్ళాను. ఊరి మొదట్లో గడ్డిమేటు చాటున పైడితల్లి నిలబడి ఉంది. నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. పిల్ల చిక్కిపోయింది.

"టీచరుగారూ, నీళ్ళేనని సెప్పండి. నాను మా మామ్మకి నీళ్ళేనని సెప్పినాను. మీరూ అదే సెప్తే మమ్మల్ని బడికి పంపుతారండి. ఒక్క మాటండి" అని నా చెయ్యి పట్టుకుంది.

పద అన్నాను. ఆ పల్లె వీధిలో నడుస్తున్నంతసేపూ నీళ్ళే, నీళ్ళే అని మనసులో అనుకుంటూనే ఉన్నాను. అబద్ధం ఆడడం నాకు చేతకాక కాదు. బస్సులో సీటు దొరికిందని మా నాన్నగారితో రోజూ ఆడేదాన్ని.

అప్పలనరసమ్మగారు అరుగు మీద కూర్చుని చేటలో పెసలు ఏరుతున్నారు. బక్కపలచని మనిషి, కళ్ళు మాత్రం చాలా చురుకు. చాప వేయించి నన్ను కూర్చోమన్నారు, మంచినీళ్ళిచ్చారు. అప్పలనాయుడు గుమ్మంలో స్తంభానికి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పైడితల్లి తండ్రి వెనకనుంచి నా ముఖమే చూస్తోంది.

"ఏటమ్మా పంతులమ్మా, ఆ గాజు గళాసులో ఉన్నాది ఉప్పా, నీళ్ళా?" అని అడిగింది ఆవిడ, చేట పక్కన పెట్టి.

నీళ్ళే అనబోయి ఆగాను. ఎదురుగా ఉన్నది నా తరగతి పిల్ల. కనిపించకపోయినా ఉన్నాది అని అందరికంటే ముందు చెప్పిన పిల్ల. అది నిజమని శభాష్ అన్నది నేను. ఇప్పుడు నీళ్ళే అన్నానంటే పిల్ల బడికి వస్తుంది, సంతోషిస్తుంది. కాని టీచరు చెప్పేది అవసరాన్ని బట్టి మారుతుందని ఆ రోజే నేర్చుకుంటుంది. ఆ తరవాత నేను బోర్డు మీద ఏం రాసినా ఆ పిల్ల ముందు దానికి విలువ ఉండదు.

"ఉప్పూ ఉందమ్మా, నీళ్ళూ ఉన్నాయి. కలిశాయి గాని ఉప్పు పోలేదు. కనిపించదంతే. మీ మనవరాలు బళ్ళో అదే చెప్పింది, అదే నిజం" అన్నాను.

పైడితల్లి తల దించుకుంది. కన్నీళ్ళు టపటపా రాలాయి. అప్పలనాయుడు, సూసినావా అమ్మా, నాను సెప్పలేదేటి అన్నట్టుగా తల్లి వైపు చూశాడు. నిజం చెప్పి ఇద్దరు పిల్లల చదువు పోగొట్టానే అనిపించింది.

ముసలావిడ మాత్రం ఏమీ తొణకలేదు. "ఉన్నాదంటే తియ్యి సూద్దాం. తీసి నా ఇంటి ఉప్పు నా ఇంటికి ఇచ్చేస్తే దోసం పోతాది" అంది.

"నీళ్ళల్లో కలిసిపోనాక ఎలగ తీస్తాదే? పాలల్లో పోసిన నీళ్ళు తీయగలమేటి?" అన్నాడు అప్పలనాయుడు.

తీయగలను అన్నాను. ఆ ఉప్పే, అదే ఉప్పు, తీసి చూపిస్తాను అన్నాను. సీసాలో ద్రావణం బీరువాలో భద్రంగా ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. ఆదివారం పొద్దున్న రమ్మన్నారు. వచ్చేటప్పుడు ఆవిడ గోడ మీదుగా పక్కింట్లోకి కేకేయడం వినబడింది. "ఒరే సత్యం, ఆదివారం మీ గుంటని తీసుకుని రా. ఆ గళాసు పట్టుకున్నాది మీ గుంట కూడాను."

ఆదివారం సీసా, పింగాణి గిన్నె, గాజుకడ్డీ గుడ్డలో చుట్టుకుని వెళ్ళాను. హెడ్మాస్టరుగారు గిన్నె బయటికి తీసుకెళ్ళడానికి అనుమతి రాసి ఇచ్చారు. అది పగిలితే బడికి మరొకటి లేదు. కట్టెల మంట మీద పింగాణి గిన్నెను సూటిగా పెడితే చిట్లుతుంది. అందుకని గెడ్డలోంచి, అంటే ఊరి పక్క వాగులోంచి, ఇసుక తెప్పించి, ఇనుప మూకుట్లో పోసి, మూకుణ్ణి పొయ్యి మీద పెట్టి, ఇసుకలో గిన్నెను కూర్చోబెట్టాను. ఇసుక వేడి నెమ్మదిగా, అన్ని వైపులా సమానంగా పడుతుంది. పొయ్యి వాకిట్లో పెట్టించారు. పల్లె పల్లెంతా వచ్చేసింది. సత్యంనాయుడు వచ్చాడు గాని వాకిలి అవతల, వీధిలోనే నిలబడ్డాడు. సన్యాసమ్మ మాత్రం లోపలికి వచ్చి పైడితల్లి పక్కన నిలుచుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని మళ్ళీ చూపు తిప్పేసుకున్నారు.

ద్రావణం పోశాను. ఆవిరి లేవడం మొదలైంది. నీళ్ళు ఎగిరిపోతన్నాయి అని ఒకరు, ఉప్పు కూడా ఎగిరిపోతాదేమో అని ఒకరు. నాకు లోపల భయంగానే ఉంది. తరగతిలో ప్రయోగం తప్పితే మర్నాడు మళ్ళీ చేసుకోవచ్చు. ఇక్కడ తప్పితే మళ్ళీ లేదు. నీళ్ళు అడుగంటే వేళకు ఉప్పు చిటపటలాడి పైకి చిమ్ముతుంది. ఆ అదను కనిపెట్టి గిన్నెను దించాలి, మిగతా తడి గిన్నె వేడికే ఆరుతుంది. సన్యాసమ్మా, మంట తగ్గించు అన్నాను. పైడితల్లీ, కడ్డీతో నెమ్మదిగా తిప్పు అన్నాను. కళ్ళు ఎర్రబడి ఉన్నా పిల్లలిద్దరూ తరగతిలో చేసినంత జాగ్రత్తగా చేశారు.

గిన్నె అంచున సన్నని తెల్లటి గీత పడింది. పైడితల్లి ముందు చూసింది. ఉప్పండి, ఉప్పు, అంది. గీత వెడల్పయింది. అడుగున మెత్తగా తెల్లగా పేరుకుంది. తడిగుడ్డ పట్టుకుని గిన్నె దించి పక్కన పెట్టాను. చిటపటలు ఆగాయి. వాకిట్లోవాళ్ళంతా ముందుకు వంగి చూశారు.

గిన్నె చల్లారాక పెద్దావిడ సన్యాసమ్మను పిలిచి, "చేతికివ్వకు. కిందెట్టు" అంది. సన్యాసమ్మ గిన్నె తీసి అరుగు ముందు నేల మీద పెట్టి వెనక్కి జరిగింది. పైడితల్లి వంగి తీసుకుంది. ఆవిడ వేలితో కొంచెం ఉప్పు తీసి నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, తల ఊపింది.

"మా ఇంటి ఉప్పు మా ఇంటికొచ్చేసినాది. దోసం పోనాది. ఒరే సత్యం, ఈదిలో ఏటి, లోపలికి రా. ఇద్దరూ అలగ గుడ్లప్పగించి నిలబడతారేటి, బందలో మిగిలిన కట్టలు కూడా కుళ్ళబెడతారా?"

సత్యంనాయుడు గుమ్మం దాటి వచ్చాడు. అప్పలనాయుడు గొంతు సవరించుకున్నాడు. నేలవైపు చూస్తూ, "బావా, మలి తడవ కట్టలు రేపు తీసి సూడాల" అన్నాడు. "పొద్దున్నే వస్తాను బావా" అన్నాడు సత్యంనాయుడు. అంతే. పిల్లలిద్దరూ పెరట్లోకి పరుగెత్తారు. గిన్నె, గిన్నె జాగ్రత్త అని నేను వెనకనుంచి అరుస్తూనే కళ్ళు తుడుచుకున్నాను.

వెళ్ళేటప్పుడు అప్పలనరసమ్మగారు ఊరి చివరిదాకా నాతో నడిచారు. ఆయా కాస్త ముందు నడుస్తోంది. ఉండబట్టలేక, నిజంగా ఉప్పు వల్లే తగవు వచ్చిందంటారా అమ్మా అని అడిగేశాను. ఆవిడ నావైపు చూసి నవ్వారు. పళ్ళు కొన్ని లేవు.

"నాకు తెల్దేటమ్మా? గోగు కుళ్ళినాది ఈలిద్దరి బద్ధకానికి. నీ తప్పంటే నా కొడుకు ఒప్పుకోడు. నీ తప్పంటే సత్యం ఒప్పుకోడు. ఇద్దరూ మొండోలే. ఉప్పుదే తప్పంటే ఉప్పు నోరెత్తదు. అందుకే దాని మీదికి తోసినాను. నువ్వు గానీ నీళ్ళేనని సెప్పేసుంటే నాను తప్పు ఎవల మీద ఎట్టీదాన్ని? గుంటలు ఇంట్లోనే ఉండిపోదురు."

ఆవిడ నా భుజం తట్టి, బస్సు పోతాది, బేగి ఎల్లు తల్లీ అని వెనక్కి తిరిగారు.

సోమవారం పొద్దున్న టీచింగ్ నోట్సులో, ఉప్పు ద్రావణం బాష్పీభవనం పూర్తయినదని రాశాను. నరసింగరావుగారు సంతకం పెడుతూ, నీళ్ళే అని చెప్పారా అమ్మా అని అడిగారు. లేదండి, ఉప్పే అని చెప్పాను అన్నాను. ఆయన ఏదో అడగబోయి, కిటికీలోంచి గట్టు మీద వస్తున్న పిల్లలిద్దరినీ చూసి, నోట్సు మూసి నా చేతికిచ్చారు. ఇద్దరూ స్కూలు ఫైనలు దాకా కలిసే నడిచారు.

ఆ తరవాత చాలా బళ్ళలో పనిచేశాను, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. పదార్థాల పాఠం చెప్పని ఏడాది లేదు. కొత్తగా ఉద్యోగంలో చేరి సలహా అడిగిన టీచర్లకు నేను చెప్పింది ఒక్కటే. తరగతిలో చెప్పిన మాటను పిల్ల ఇంటి వాకిట్లో అడిగినా మార్చకండి. దాన్ని ఆ ఇంటివాళ్ళు దేనికి వాడుకుంటారన్నది మన సిలబసులో ఉండదు.